వాడకంలో లేని గొంతు

చాలాకాలంగా వాడనందువల్ల కోటిలింగం గొంతును బుధవారం పొద్దున రద్దు చేసి, వేరేచోటికి కేటాయించారు. ముందుగా మెసేజ్ పంపినట్టూ, దానికతను బొటనవేలు బొమ్మ పెట్టినట్టూ రికార్డుల్లో ఉంది. కాబట్టి టెలిఫోన్ శాఖవారి తప్పేమీ లేదు.

అబ్బో, ఆ వంశానిది ఎలాంటి గొంతు! వాళ్ల నాన్న కాకినాడ నుంచి ట్రంకాల్‌లో మాట్లాడితే, రాజమండ్రిలో ఫోన్ ఎత్తక్కర్లేకుండానే వినపడేదని చెప్పుకునేవారు. కోటిలింగం కూడా ఒకప్పుడు ఎస్టీడీ బూత్‌లో మీటరు చూసుకుంటూ గుక్కతిప్పుకోకుండా మాట్లాడినవాడే. తర్వాత మిస్డ్ కాల్‌కి దిగాడు, ఆపైన మెసేజ్‌కి, చివరికి బొటనవేలికి. పక్కగదిలోంచి భార్య సుభాషిణి "కాఫీ తాగుతారా?" అని కేకేసినా వేలి బొమ్మే పంపేవాడు. అందుకే గొంతు పోయిన సంగతి ఇంట్లో ఎవరికీ తెలియనే లేదు.

తెలిసింది పాప బారసాల ముందురోజు. చెవిలో పేరు చెప్పాల్సింది తండ్రే కదా.

"పెళ్లిచూపుల్లో ఆ గొంతు వినే కదండీ ఒప్పుకున్నాను! రేపు పాప ఏం వింటుంది? వెళ్లి తెచ్చుకోండి," అని సుభాషిణి ఏడ్చేసింది.

కోటిలింగం శాఖ ఆఫీసుకి పరుగెత్తి, తన గోడంతా ఫోన్లో టైపు చేసి కౌంటర్‌లో ఉన్నావిడకు చూపించాడు.

"మీ గొంతు ఖాళీగా లేదండీ, డ్యూటీలో ఉంది," అందావిడ జాలిగా. "ఎంత బావుందో! వాడినట్టే లేదు. అందుకే ప్రకటనలకి తీసుకున్నాం. వినాలనిపిస్తే స్విచాఫ్‌లో ఉన్న ఏ నంబరుకైనా చేయండి. ఉచితమే."

బారసాల రోజు ముహూర్తానికి పంతులుగారు "కానివ్వండి బాబూ," అన్నారు. కోటిలింగం తన ఫోన్ ఆపేశాడు. సుభాషిణి ఆ నంబరుకే చేసి, తన ఫోన్ పాప చెవి దగ్గర పెట్టింది.

"మీరు కాల్ చేస్తున్న వ్యక్తి ప్రస్తుతం అందుబాటులో లేరు," అంది తండ్రి గొంతు, ఎంతో ఆప్యాయంగా. శాస్త్రప్రకారం ముమ్మారు వినిపించారు. పాప నవ్వింది. పేరు మాత్రం సుభాషిణే చెప్పింది, అది ఎవరికీ సరిగా వినపడలేదు.

అది మొదలు పాప నిద్రపోనని మారాం చేస్తే సుభాషిణి అదే నంబరు నొక్కుతుంది. పక్కగదిలో కోటిలింగం, ఎవరూ చెప్పకుండానే, టక్కున ఫోన్ ఆపేస్తాడు.

ఈమధ్యే పాపకి మాటలొచ్చాయి. "మీ నాన్నేడమ్మా?" అని చుట్టాలడిగితే, ఎదురుగా కూర్చున్న కోటిలింగం వైపు చూడనైనా చూడకుండా "అందుబాతులో లేలు," అంటుంది. కోటిలింగం మురిసిపోయి బొటనవేలు చూపిస్తాడు.