చుక్కల పడవకి కప్ప కెప్టెన్

మరీ పాతకాలం మాట కాదు, ఒక పెద్ద అడవిలో శరభయ్య అనే ముళ్ళపంది ఉండేవాడు.

ఆ అడవిలో ప్రతి చలికాలమూ బకుళమ్మ అనే ముసలి కొంగ ఏటి ఒడ్డున బండ మీద ఒంటికాలిపై నిలబడి, పొద్దుటెండలో ఒక కథ చెప్పేది. దాని పేరు ‘చుక్కల పడవ’. ఎండిన సొరకాయ బుర్రని పడవ చేసుకుని, కూర్మారావు అనే తాబేలు కెప్టెన్ చుక్క నుంచి చుక్కకి తిరిగే కథ. చలికాలానికి ఒక సీజన్ చొప్పున పదకొండు సీజన్లు అయ్యాయి.

శరభయ్యకి పదకొండూ కంఠతా వచ్చు. ఎవరైనా నాలుగో సీజన్లోని చుక్క ఐదో సీజన్లో ఉందంటే చాలు, ముళ్ళు వాటంతటవే నిక్కబొడుచుకునేవి. అంచేత అభిమాన సంఘానికి వాడే అధ్యక్షుడు.

పన్నెండో చలికాలం రాబోతుండగా బకుళమ్మ కబురు పెట్టింది. “కూర్మారావు విశ్రాంతి తీసుకున్నాడు. ఈసారి కెప్టెన్ ఒక కప్ప. పేరు వానమ్మ.”

అడవి భగ్గుమంది. సంఘం అత్యవసరంగా సమావేశమైంది.

“కప్పా!” అని రంకె వేశాడు అడవిదున్న పోలయ్య. వాడు మొదటి సీజన్ మొదటి రోజు సగం విన్నాడు. అప్పటినుంచీ ఉపాధ్యక్షుడు. “ఆ కొంగ నా బాల్యాన్ని నాశనం చేసింది!”

“కథ మొదలయ్యేనాటికే నీకు ముగ్గురు దూడలు కదా, పోలయ్యా?” అన్నాడు కార్యదర్శి తిరుపాలు. వాడు ఉడుత, నోరు ఊరుకోదు.

“బాల్యం సంగతి పక్కన పెట్టండి, శాస్త్రం చూడండి,” అన్నాడు శరభయ్య. “చుక్కల మధ్య గాలి ఉండదు. కప్పకి ఊపిరెలా ఆడుతుంది?”

“మరి తాబేలుకెలా ఆడింది?” అన్నాడు తిరుపాలు.

“మూడో సీజన్, ఆరో రోజు. చిప్పలో గాలి నింపుకున్నాడు. అది సైన్సు. కప్పంటే కట్టుకథ!”

అందరూ తోకలు ఊపారు. ఎవరూ కథకి వెళ్ళకూడదని, ఖాళీ బండ చూసి కొంగే దిగొచ్చి కూర్మారావుని తిరిగి పడవెక్కిస్తుందని తీర్మానం చేశారు.

మొదటిరోజు బండ ముందు ఒక్క తోకైనా కనబడలేదు. శరభయ్య పొదలోంచి తొంగిచూస్తూ, బకుళమ్మ ముఖం ఎప్పుడు వాడుతుందా అని కాచుకున్నాడు. బకుళమ్మ కాలు మార్చుకుంది. అంతే.

ఇంతలో బురదలోంచి కప్పలు ఒక్కొక్కటే బయటికొచ్చాయి. “ముందంతా ఖాళీగా ఉంది కదమ్మా, కూర్చోవచ్చా?” అని అడిగాయి. పదకొండేళ్ళుగా వాటికి దున్నల వెనకభాగాలే తప్ప కథ చెప్పే ముఖం కనబడలేదు.

“దానికి అడగాలా? కూర్చోండి,” అంది బకుళమ్మ.

ఆ సాయంత్రం సంఘానికి కొత్త చిక్కొచ్చింది.

“ఈసారి చెత్తగా ఉందట,” అన్నాడు పోలయ్య.

“ఎవరన్నారు?”

“నేనే.”

తిట్టాలంటే ఏముందో తెలియాలి. తెలియాలంటే వినాలి. వింటే బహిష్కరణ పోతుంది. తర్జనభర్జనలు పడి చివరికి అధ్యక్షుడే రహస్యంగా వెళ్ళి తప్పులు రాసుకురావాలని నిర్ణయించారు.

శరభయ్య తన ముల్లే ఒకటి పీకి, టేకాకు పట్టుకుని, కప్పల వెనక నక్కి కూర్చున్నాడు. వెళ్ళిన మొదటిరోజు ఇరవైమూడు తప్పులు దొరికాయి. మర్నాడు తొమ్మిది. మూడోరోజు వానమ్మ ఒక చుక్క మీద దిగింది. అక్కడ నీటిబొట్టు లేదు. ఆమె ఒళ్ళు పగులుతోంది. పడవలో ఉన్నవాళ్ళు ఒక్కరూ ఆమెని కెప్టెన్‌గా ఒప్పుకోలేదు. పిలిస్తే పలకడం లేదు. అయినా ఆమె చుక్కాని వదల్లేదు.

శరభయ్య చేతిలో ముల్లు ఆగిపోయింది.

“అన్నా, ముళ్ళు కాస్త దించవా, కనబడట్లా,” అంది పక్కనుంచి ఒక ముసలి కప్ప.

గబగబా దించేశాడు. ఆమె ఇంకాస్త దగ్గరికి జరిగి, వాడి డొక్కకి ఆనుకునే కూర్చుంది. శరభయ్య కదల్లేదు.

ముళ్ళవాడని చిన్నప్పటినుంచీ వాడి పక్కన ఎవరూ కూర్చునేవారు కాదు. కూర్మారావు మాత్రం ఏ చుక్క మీద దిగినా, ఎదురైనవాళ్ళని “పక్కన చోటుందా?” అని అడిగేవాడు. ఆ ఒక్కమాట కోసమే శరభయ్య పదకొండేళ్ళు ఆ కథ విన్నాడు. అధ్యక్షుడయ్యాక కూడా వాడి చుట్టూ మూడు బారల చోటు ఖాళీగానే ఉండేది. ఈ సంగతి సంఘంలో ఎవరికీ తెలియదు.

“ఇవాళ ఎన్ని తప్పులు?” అనడిగాడు తిరుపాలు ఆ సాయంత్రం.

శరభయ్య ఖాళీ ఆకు మడిచేశాడు. “లెక్కలేనన్ని. నా ఒక్కడివల్ల కాదు. రేపు నువ్వూ రా.”

మర్నాడు తిరుపాలు తోకతో కళ్ళు తుడుచుకుంటూ తిరిగొచ్చాడు. “ఘోరం! ఇంకో నలుగురుంటే గానీ తెమలదు,” అన్నాడు. నలుగురు వెళ్ళారు. వాళ్ళు పదిమందిని పిలిచారు. వారం తిరిగేసరికి సంఘమంతా తప్పులు రాసుకోవడానికి బండ ముందుంది. ఆకులు మాత్రం అందరివీ ఖాళీయే.

ఆఖరున పోలయ్య వచ్చి నడిమధ్యన నిలబడ్డాడు.

“కూర్చో పోలయ్యా! వెనకవాళ్ళకి కనబడట్లా!” అని అరిచాడు శరభయ్య.

బకుళమ్మ కథ ఆపింది. “పదకొండేళ్ళలో ఇంత జనం ఎప్పుడూ రాలేదు. ఏమిటి విశేషం?”

శరభయ్య లేచి గొంతు సవరించుకున్నాడు. “అపార్థం చేసుకోకమ్మా. మేమెవరమూ రాలేదు. నిన్ను బహిష్కరించాం.”

“అలాగా నాయనా. అయితే రానివాళ్ళంతా కాస్త ముందుకి జరగండి. వయసైంది, గొంతు అందడం లేదు.”

జరిగారు.

ఆఖరి రోజున వానమ్మ నీళ్ళున్న చుక్క చేరింది. అందరికన్నా గట్టిగా పోలయ్యే ఏడ్చాడు. మొదటినుంచీ విననందువల్ల ఎందుకు ఏడుస్తున్నాడో మాత్రం వాడికి తెలియలేదు.

మర్నాటి సమావేశంలో శరభయ్య తీర్మానం చదివాడు. “బహిష్కరణ సంపూర్ణంగా విజయవంతమైంది. వచ్చే ఏడు ఇంతకన్నా ఉధృతంగా బహిష్కరించాలి. అందుకు బండ ముందు చోట్లు ఇప్పుడే పట్టుకోవాలి.”

“ముందు వరస పాత సభ్యులది!” అన్నాడు పోలయ్య.

“ముందు వరస కప్పలది,” అన్నాడు శరభయ్య. “వాళ్ళ వెనక నేను. ఇది చర్చకి పెట్టను.” ముళ్ళన్నీ ఒక్కసారి లేచాయి. తీర్మానం ఏకగ్రీవంగా నెగ్గింది.

నీతి: ఇష్టం లేనివాడు లేచి ఇంటికి పోతాడు, రోజూ వచ్చి కూర్చుని తిట్టేవాడే అసలు భక్తుడు.