పెండింగులో పెట్టిన గులాబీ బ్లాకు

ఆ ఆదివారం త్యాగరాజుకు ఉన్న పని చిన్నదే. క్లబ్‌హౌస్‌లో పిల్లల కోడింగ్ ప్రదర్శన. మనవరాలు ఇషిత లాప్‌టాప్‌కు కాసేపు కాపలా కాస్తే చాలు. ఉత్తరాదిన ఇందిరాపురంలో కొడుకింట దిగినప్పటి నుంచి ఆయనది ఒకటే కోరిక, ఆ తొమ్మిదేళ్ల పిల్ల నోట ఒక్క తెలుగు మాట వినాలని. రోజూ అన్నానికి పిలిచేవాడు. రోజూ "ఆ రహీ హూఁ, తాతూ" అని హిందీలోనే జవాబిచ్చేది.

"తాతూ, మై మ్యామ్‌కో లేకే ఆతీ హూఁ. ప్లీజ్, డోంట్ టచ్!" అని టీచరును పిలుచుకురావడానికి పరుగెత్తింది ఇషిత.

ముట్టకూడదనే అనుకున్నాడు, పాపం. కానీ తెర మీద పిల్లి బొమ్మ పక్కన, ఇషిత ప్రోగ్రాముకని పేర్చిన ఆ రంగు బ్లాకుల వరస చూస్తే ప్రాణం ఉసూరుమంది. పసుపు కింద గులాబీ, దాని కింద నీలం, మళ్లీ గులాబీ! ముప్పై నాలుగేళ్లు మంత్రిత్వ శాఖలో ఫైళ్లు సర్దిన సెక్షన్ ఆఫీసరు ఆ కలగాపులగం చూసి ఊరుకోగలడా? పిల్లకు సాయం చేసినట్టూ ఉంటుందని మౌసు పట్టాడు. నీలాలన్నీ ఓ మూలకు లాగాడు. 'ఫరెవర్' అని రాసున్న నారింజ బ్లాకు నోరు తెరుచుకుని కనిపిస్తే, ఖాళీగా ఎందుకని ఓ గులాబీని అందులో పెట్టి, పసుపు కింద తగిలించాడు. రెండో గులాబీ ఏ ఫైలుదో తెలియలేదు. తెలియని కాగితాన్ని ఏం చేయాలో మాత్రం ఆయనకు బాగా తెలుసు. పెండింగులో పెట్టాడు. తర్వాత, ఓసారి నడిపించి చూద్దామని తెర మీది ఆకుపచ్చ జెండా నొక్కాడు.

"చిట్టితల్లీ! అన్నం చల్లారిపోతోంది, తొందరగా రా!"

లాప్‌టాప్‌కు తగిలించిన హాలు స్పీకర్లో సాక్షాత్తు ఆయన గొంతే. పిల్లి కదల్లేదు, గొంతు ఆగలేదు. రెండు తెలుగు కుటుంబాలు "భోజనాలట!" అంటూ వెనక గదికి నడిచాయి. వాళ్ల వెనక ఇంకొందరు చేరారు. వరుస కనబడితే ముందు నిలబడి, తర్వాత కారణం అడిగే జనం! చూస్తుండగానే నలభై మంది అయ్యారు. అపార్టుమెంట్ల సొసైటీ సెక్రటరీ చెమటలు కక్కుతూ వచ్చాడు.

"అంకుల్‌జీ, ఖానా కిస్‌నే అనౌన్స్ కియా? సిర్ఫ్ బిస్కెట్ హై!"

"నేను కాదండీ..." అనబోయాడు త్యాగరాజు.

"తొందరగా రా!" అంది స్పీకర్లో ఆయన గొంతు.

ఇషిత వచ్చి ఎర్ర బటన్ నొక్కాక గాని ఆ పిలుపు ఆగలేదు. చెదిరిన బ్లాకులు చూసి దాని కళ్లలో నీళ్లు తిరిగాయి.

"తాతూ, ఫరెవర్ మతలబ్ నెవర్ స్టాప్! సబ్ బిగాడ్ దియా!"

త్యాగరాజు మళ్లీ మౌసు అందుకున్నాడు. "తప్పయిపోయిందమ్మా. ఇదిగో, ఇదొక్కటి మిగిలింది. దీన్ని ఎక్కడ పెట్టాలో చెప్పు," అంటూ ఆ పెండింగు గులాబీని నొక్కాడు.

"వస్తున్నా తాతయ్యా!"

స్పీకర్లో ఇషిత గొంతు. తేట తెలుగు. త్యాగరాజు మౌసు వదిలేశాడు.

"సర్‌ప్రైజ్ థా," అని గొణిగింది ఇషిత. "ఆప్ బులాతే, ఫిర్ మై బోల్తీ. ట్వెంటీ టైమ్స్ ప్రాక్టీస్ కియా." రోజూ ఆయన అన్నానికి పిలిచే పిలుపును చాటుగా రికార్డు చేసి, దానికి తెలుగులో జవాబు నేర్చుకుందట.

ఆయన కళ్లు తుడుచుకుని, స్పీకరు అవసరం లేనంత మెల్లగా, "చిట్టితల్లీ, రా," అన్నాడు.

"వస్తున్నా తాతయ్యా," అంటూ వచ్చి ఒళ్లో కూర్చుంది.

ముప్పై నాలుగేళ్ల సర్వీసులో త్యాగరాజు పెండింగులో పెట్టినది ఒకరికి మేలు చేయడం అదే మొదటిసారి.