పొట్టి మాటా, పొడుగు మాటా?

ఆ ఉదయం భాషా పరిశోధకురాలు రిమ్మా ల్వోవ్నా వేసుకున్న పథకం చాలా చిన్నది. వోల్గా ఒడ్డున మా ఊరి ఆసుపత్రి వరండాలో కూర్చోవడం, వచ్చినవాళ్లను ఒక్క ప్రశ్న అడగడం, సాయంత్రం బస్సెక్కడం. జబ్బుగా ఉందని చెప్పడానికి మా రష్యన్‌లో ఒకే విశేషణానికి రెండు రూపాలు. పొట్టిది పుస్తకాల్లో ఉంటుంది, పొడుగుది నాలుక మీద ఉంటుంది. జనం నిజంగా ఏది వాడతారో తేల్చకపోతే, ఏళ్లుగా ఆమె చేసిన పరిశోధనను పైవాళ్లు అటకెక్కిస్తారు.

బల్ల వేసుకోగానే ట్రాక్టరు సవేలీ వచ్చి, "వరుసలో చివర ఎవరండీ?" అన్నాడు. ఎవరూ లేరు కాబట్టి తానే నిలబడ్డాడు. మా ఊళ్లో ఒక మనిషి నిలబడితే చాలు, అది వరుసే. దేనికని అడగడం తర్వాతి సంగతి. కాసేపటికి డాక్టరు గది ముందు ఈగ కూడా లేదు. రిమ్మా ముందున్న వరుస తోక మాత్రం వోల్గాలో తడిసిందంటారు. నేను కాదనను.

"ఏమిస్తున్నారమ్మాయ్?" అని వరుసలో ఒక ముసలాయన ముందున్న పిల్లనడిగాడు.

"సరిగ్గా చెప్పినవాళ్లకి సర్కారు ఖర్చుతో శానటోరియంలో విశ్రాంతికి టికెట్టట బాబాయ్!"

"టికెట్లూ లేవు, ఏమీ లేవండీ! ఇంట్లో ఎలా అంటారో అలా చెప్పండి, చాలు," అని రిమ్మా గొంతెండేలా మొత్తుకుంది. ఆమె లేవన్నకొద్దీ జనానికి నమ్మకం పెరిగింది.

రిటైరైన పంతులమ్మ అవ్‌గూస్తా ప్రోఖొరోవ్నా వరుసలోనే పాఠం మొదలుపెట్టింది. "పొట్టిదే చెప్పండర్రా! ఒరేయ్ సవేలీ, నువ్వేం చెప్పి చచ్చావు?"

"పొడుగుదేనండీ..."

"అది నీ ట్రాక్టరుతో మాట్లాడుకో!"

సవేలీ గాభరాగా బల్ల దగ్గరికి పరుగెత్తాడు. "అమ్మా, నాది కొట్టెయ్ తల్లీ, నేనూ పొట్టివాణ్ణే!" అని, దిద్దుకోవడానికి మళ్లీ వరుస చివరికెళ్లాడు.

మధ్యాహ్నానికి కాగితాల నిండా పొట్టి మాటే. పరీక్షలో పిల్లలు పక్కవాడిది చూసి రాసినట్టుంది. రిమ్మా కలం పడేసి, బల్ల మీద తల వాల్చేసింది.

అప్పుడే నర్సు తలుపు తెరిచింది. "అసలు జబ్బు మనుషులెవరైనా ఉన్నారా? డాక్టరుగారు ఇంటికెళ్లిపోతున్నారు!"

వరండా దద్దరిల్లింది. నాకు జబ్బంటే నాకు జబ్బంటూ అందరూ ఒక్కసారే అరిచారు. ఎటు విన్నా పొడుగు మాటే! రిమ్మా ఉలిక్కిపడి లేచి గబగబా రాసుకోబోయింది. ఈలోగా తోపులాటలో బల్లతో సహా డాక్టరు గది గుమ్మంలో పడింది.

"నీకేమైందమ్మా?" అంది నర్సు.

నడుం పట్టుకుని రిమ్మా మూలిగింది. తన నోటి నుంచీ పొడుగుదే వచ్చింది.

ఆ గోలలో పొట్టి మాట అన్నది పంతులమ్మ ఒక్కతే. ఆవిడకు జబ్బేమీ లేదు.