అందరి ఇళ్లకూ వెళ్లిన ఆటో

ఆ రోజు పొద్దున మహేందర్ వేసుకున్న పథకం చాలా సులువైనది. తాను బస్సెక్కి వికారాబాద్‌లోని ఆడపిల్లల హాస్టలుకు వెళతాడు. ఊళ్లో సంఘం సభ్యురాలు వజీరాబీ ఇంట్లో ఉన్న కందిపప్పు మూటను డ్రైవరు తన్వీర్ సంఘం ట్రాలీ ఆటోలో వేసుకుని వెనకాలే వస్తాడు. వంటశాల చూసుకునే రెబెక్క మేడం ఆ పప్పును మధ్యాహ్నానికి వండిస్తుంది. పిల్లలు బాగుందంటే చాలు, ఇకమీదట హాస్టలుకు పప్పంతా తమ రైతు సంఘానిదే.

పథకం సులువే గానీ, రెండు రోజులుగా మహేందర్‌కు అన్నం సహించడం లేదు. మందులు కొట్టకుండా కంది పండిద్దాం, పాలిష్ పట్టకుండా పప్పు అమ్ముదాం అని పెద్దేముల్ పక్కనున్న తన ఊరినంతా ఒప్పించి సంఘం పెట్టించింది అతనే. పప్పు తయారైంది. కొనేవాడే దొరకలేదు. తాండూరు నుంచి పరిగి దాకా అతను ఎక్కని దుకాణం మెట్టు లేదు. ఈ ఆర్డరు కూడా చెయ్యిజారితే సంఘానికి తాళం పడుతుంది, ఊళ్లో అతనికి తలెత్తుకునే దారి ఉండదు.

సంఘం కోసం అతని కూతురు శ్రేయ ఫోనులో ఒక యాప్ తయారుచేసింది. ఎవరింటి నుంచి సరుకు తేవాలో వాళ్ల పేరు పక్కన టిక్ పెడితే, ఆటోకు దారి అదే చెబుతుంది. మహేందర్ బస్టాండులో నిలబడి వజీరాబీ పేరుకు టిక్ పెట్టాడు. పెట్టగానే కింద భీమయ్య పేరు కనిపించి ఆగాడు. భీమయ్య పట్టింపుల మనిషి. పెళ్లికార్డులో తన పేరు చివర వేశారని సొంత వియ్యంకుడితోనే మాట్లాడటం మానేసినవాడు. ఒకరి పేరు పట్టించుకుని ఇంకొకరిది వదిలేస్తే ఊళ్లో బతకనిస్తారా? మహేందర్ మర్యాదగా సభ్యులందరికీ టిక్ పెట్టాడు. చివర్న తన ఇంటికీ పెట్టుకుని నిశ్చింతగా బస్సెక్కాడు.

హాస్టలుకు చేరేసరికి రెబెక్క మేడం మంచి కోపం మీద ఉంది. కాంట్రాక్టరు పంపిన కూరగాయల బుట్టలో చెయ్యి పెడితే టమాటాలు గుజ్జుగుజ్జుగా వేళ్లకు అంటుకుంటున్నాయి.

"గీటిని పశువులు గూడ ముట్టయ్. మీ పప్పేది, మహేందర్ గారూ?"

"దారిల ఉన్నది మేడం. గిదో, చూడుండ్రి."

ఆటో ఎక్కడుందో చూపించే చుక్కను మహేందర్ గర్వంగా చూపించబోయాడు. చుక్క వికారాబాద్ వైపు రావడం లేదు. ఊళ్లోనే ఒక సందులో దూరి, బయటికొచ్చి, ఇంకో సందులో దూరింది. మహేందర్ పక్కకు వెళ్లి ఫోను చేశాడు.

"తన్వీర్, యాడున్నవ్ రా?"

"భీమయ్య పటేల్ ఇంటి ముందల ఉన్న అన్నా. ఫోను గిటే పొమ్మన్నది. సొరకాయలు ఎక్కిస్తున్నడు."

"సొరకాయలా? నేను అడగలే గద!"

"నేను గూడ అడగలే. సంఘం ఆటో ఇంటి ముందలికొస్తే ఉత్తగ ఎట్ల పంపుతరన్నా? పాపం, వజీరాబీ ఖాలా గూడ పప్పుతోని ఆపలే, గోంగూర కట్టలేసింది."

మహేందర్ కూతురికి ఫోను చేశాడు. సంగతంతా విని శ్రేయ తల పట్టుకుంది.

"అందరికి టిక్ ఎందుకు పెట్టినవ్ నాయినా?"

"ఒకల్ని ఇడిస్తే బాగుంటదా బిడ్డా?"

"గది పెండ్లి పిలుపు కాదు! సరే, నేను దారి మారుస్త. నువ్వు జర ఏం చెయ్యకుండ కూసో."

ఏమీ చెయ్యకుండా కూర్చోవడం మహేందర్ వల్ల అయ్యే పని కాదు. సంఘం వాట్సాప్ గ్రూపులో గొంతు పెంచి ఒక వాయిస్ మెసేజు పెట్టాడు: "ఎవ్వరు ఏం ఇయ్యకుండ్రి! ఆటోను ఆపకుండ్రి!"

అప్పటిదాకా ఆటో సగం ఊరే తిరిగింది. మిగతా సగం ఊరు ఆ మెసేజు విని భగ్గుమంది. భీమయ్య సొరకాయలు ముద్దు, మా బీరకాయలు చేదా అని ఆడవాళ్లు గంపలతో రోడ్డెక్కారు. సంఘంలో లేనివాళ్లు కూడా, ఏదో మంచి బేరమే ఉందనుకుని, గుమ్మడికాయలు మోసుకొచ్చారు. శ్రేయ దారి మార్చినా, ఆటోకు అడ్డంగా నిలబడిన వాళ్లను దాటాలంటే వాళ్లిచ్చింది ఎక్కించుకోవడం తప్ప తన్వీర్‌కు వేరే దారి లేకపోయింది. తన సొరకాయల మీద గుమ్మడికాయలు వేస్తున్నారని భీమయ్య కాపలాగా ఆటోలోకి ఎక్కేశాడు.

ఇక్కడ వంటశాలలో పప్పు కోసం పెట్టిన ఎసరు సగం ఇగిరిపోయింది. మేడం గడియారం చూసినప్పుడల్లా మహేందర్ గేటు దాకా వెళ్లి వచ్చాడు. చివరికి ఆటో కూరగాయల గుట్టతో మూలుగుతూ వచ్చి ఆగింది. గుట్ట మీద భీమయ్య పెళ్లికొడుకులా కూర్చుని ఉన్నాడు.

"పప్పు మూటేది?" అన్నాడు మహేందర్.

"మీ ఇంటికాడ దించినం" అన్నాడు తన్వీర్. "గుమ్మడికాయలకు జాగ కావాలె గదా. మూట నేను చూస్కుంట తియ్యి అని వదినెనే అన్నది."

మహేందర్ అక్కడే అరుగు మీద కూలబడ్డాడు. సంఘం పని అయిపోయిందని అతనికి నిజంగానే ఏడుపొచ్చింది. రెబెక్క మేడం మాత్రం అతన్ని దాటుకుని ఆటో దగ్గరికి వెళ్లింది. బీరకాయ విరిచి చూసింది. గోంగూర కట్ట ముక్కు దగ్గర పెట్టుకుంది.

"గివి ఎప్పుడు తెంపిండ్రు?"

"ఆటో వచ్చినంకనే" అన్నాడు భీమయ్య దర్జాగా. "పెరట్లయి. మందు గిందు ఏం లేదు, మేం తినేటియే."

ఆ మధ్యాహ్నం పిల్లలు సొరకాయ కూర మారు వడ్డించుకుని తిన్నారు. రోజూ కంచాల్లో మిగిలే కూర ఆ రోజు గిన్నె అడుగున కూడా మిగల్లేదు. కాంట్రాక్టరును మాన్పిస్తానని, వారానికి మూడుసార్లు ఇదే ఆటో ఇలాగే ఇంటింటికీ తిరిగి రావాలని మేడం తేల్చి చెప్పింది.

"మరి పప్పు, మేడం?"

"పప్పు సంగతి తర్వాత చూద్దాంలెండి."

సంఘం బతికింది. ఏ పంట పేరు చెప్పి పెట్టాడో ఆ పంటతో కాదు గానీ, బతికింది. నవ్వాలో ఏడవాలో తెలియక మహేందర్ తన భార్య ఇంద్రమ్మకు ఫోను చేశాడు.

"పప్పు మూట పైలంగ ఉన్నదా?"

"యాడిది? నీ మెసేజుకు ఊరోళ్లంత కొట్లాటకు మనింటి మీదికొచ్చిండ్రు. ఏం జెయ్యాలె? కడుపు నిండితే కోపం దిగుతదని పెద్ద గంజుల పప్పు వండి పెట్టిన. ఊడ్చుకొని తిన్నరు. గిది మన కందులదేనా అని ఒకటే అడుగుడు. ఎన్నడన్న తింటే గద ఎరుక? ఇన్నేండ్లు పంటంత అమ్ముకునుడు, దుకాణంల ప్యాకెట్ పప్పు కొనుక్కునుడు. మిగిలిన మూట గూడ తలా ఇంత కొనుక్కపోయిండ్రు. ఇంక కావాల్నట."

సంఘం పప్పుకు కొనేవాళ్లు ఇన్నాళ్లకు దొరికారు, అదీ సంఘంలోనే.