మన్నించని అమ్మగారు

ఆ శనివారం పొద్దున హొనామి వేసుకున్న లెక్క చాలా సులువైనది. నోబుహారు నిన్న వచ్చిన కొత్త వీడియో గేమును ఓ గంటలో ముగించేస్తాడు. ఇద్దరూ వేడివేడిగా సోయా ముద్ద కలిపిన మిసో సూపు తాగుతారు. పదకొండు గంటల రైలెక్కి, కొండల్లోని వేడినీటి ఊటల ఊరికి వెళ్తారు. సాయంత్రం సత్రంలో పీతల భోజనం. పెళ్లి వసంతంలో అయినా ఇద్దరికీ కలిపి సెలవు దొరికింది ఇప్పుడే, చలికాలం మొదలై తామున్న కనజవా బజారులో పీతలు దిగాక. "పెళ్లి ప్రయాణం ఆలస్యమైతేనేం, పీతలు కలిసొచ్చాయి" అని ఆమె వారం రోజులుగా మురిసిపోతోంది. ఆ రైలు తప్పితే మాత్రం మళ్లీ మధ్యాహ్నం బండే గతి. అది ఊరూరా ఆగుతూ చేరేసరికి సత్రంలో భోజనాలు అయిపోతాయి.

ఆట పేరు 'మన్నించండి, అమ్మగారూ'. ఇలాంటిది లోకంలో మొదటిసారి అని పెట్టె మీద రాసుంది. దానికోసం నోబుహారు మూడేళ్లు ఎదురుచూశాడు. నొక్కడానికి మీటలుండవు. ఆడేవాణ్ని చూడ్డానికి టీవీ మీద ఒక కెమెరా కన్ను, వినడానికి కింద ఒక మైకు చెవి, అంతే. ఆడేవాడు పాత సత్రంలో పనివాడు. యజమానురాలికి ప్రాణమైన పింగాణీ గిన్నె పగలగొట్టాడు. ఏడు గుమ్మాల దగ్గరా మోకాళ్ల మీద కూర్చుని, వంగి, నోరారా క్షమాపణ చెప్పుకుంటూ లోపలికి వెళ్లాలి. ఎక్కడ తేడా వచ్చినా ఆవిడ విసనకర్ర టప్పున మూసేస్తుంది. మళ్లీ వీధి వాకిలి నుంచి మొదలు.

"ఒక్క గంట చాలు హొనామీ! ఇది ఆటేమిటి, నా ఉద్యోగమే కదా!" అన్నాడు నోబుహారు, పైజామాలోనే టీవీ ముందు చతికిలబడి.

అదీ నిజమే. అతను అన్నం కుక్కర్లు చేసే కంపెనీలో ఫిర్యాదుల విభాగంలో పనిచేస్తాడు. దేశంలో ఎవరింట్లో అన్నం మాడినా తప్పు అతనిదే. ఫోనులో మాట్లాడుతూ కూడా లేచి నిలబడి నడుం వంచుతాడు. అవతలివాళ్లకు కనబడదు కదా అని హొనామి ఒకసారి అడిగితే, "వంగకపోతే గొంతులో తెలిసిపోతుంది" అన్నాడు. ఆ మాటకే ఆమె అతన్ని ఇంకొంచెం ఎక్కువ ప్రేమించింది.

టప్! "మనసు లేని మాట," అంది టీవీలో అమ్మగారు.

"ఇదేంటి? సరిగ్గానే వంగానే!"

టప్! "నేర్చుకున్న మాట."

టప్! "రేపు మరిచిపోయే మాట."

సూపు చల్లారింది. నోబుహారు మొదటి గుమ్మం కూడా దాటలేదు. నుదురు చాపకేసి కొడుతూ, "తప్పు నాదేనండీ! ఇంకెప్పుడూ చెయ్యను! నన్ను గెంటెయ్యకండి అమ్మగారూ!" అని గొంతు చించుకుంటున్నాడు. ఆ వాటాల మధ్య గోడ ఎంత పల్చనిదంటే, పక్కింట్లో ఇవాసే గారు కూరగాయ తరిగితే అది ముల్లంగో క్యారెట్టో ఇక్కడ చెప్పొచ్చు.

హొనామి చెత్త సంచీ తీసుకుని కిందికి దిగింది. చెత్త మీద కాకులు వాలకుండా వల సర్దుతూ ఇవాసే గారు అక్కడే ఉన్నారు. బడిపంతులమ్మగా పనిచేసి రిటైరైన మనిషి.

"మీ ఆయన చాలా మంచివాడమ్మాయ్," అన్నారు ఆవిడ, కాస్త బెరుగ్గా.

"మంచివాడేనండీ. కానీ పొద్దున్నుంచి ఒక్కటీ సరిగ్గా చెయ్యలేదు. వంగడం చాలడం లేదు. ప్రతిసారీ మొదటి నుంచి చెయ్యాల్సిందే."

"మొదటి... నుంచా?"

"మరేం చేస్తాం! పదిన్నరకల్లా కాకపోతే పెట్టె తీసుకుని నేనొక్కదాన్నే వెళ్లిపోతానని చెప్పేశాను," అని హొనామి కిలకిలా నవ్వింది.

ఇవాసే గారి చేతిలో వల జారిపోయింది. కాకులు ఆ అవకాశం వదులుకోలేదు.

కాపురం పెట్టిన రోజున నోబుహారు పై అధికారి ఇనాగాకి గారు కూడా వచ్చి ఇంటింటికీ మిఠాయి పెట్టె పంచారు. "ఈ పెళ్లికి పెద్దను నేనే. పిల్లల మధ్య ఏ తేడా వచ్చినా నాకు ఒక్క ఫోను కొట్టండి" అని తన కార్డు కూడా ఇచ్చి వెళ్లారు. మిఠాయి తిని కార్డు పారేసేవాళ్లే లోకంలో ఎక్కువ. ఇవాసే గారు కార్డు దాచారు.

పదిన్నరకు హొనామి కోటు తొడుక్కుని, పెట్టె చేత్తో పట్టుకుని తలుపు తీసేసరికి ఎదురుగా నల్ల సూటులో ఇనాగాకి గారు, వెనక ఇవాసే గారు. హొనామి నోరు తెరిచేలోగా ఆయన గుమ్మంలోనే మోకాళ్ల మీద కూలబడ్డారు.

"తప్పంతా నాదమ్మా! ఆరేళ్లు నా చేతికింద ఉన్నాడు. మనిషిని చెయ్యలేకపోయాను."

ఏం జరిగిందో హొనామికి తెలియదు. కానీ మొగుడి పై అధికారి నేల మీద ఉంటే తను నిలబడడం ఎలా? పెట్టె వదిలేసి ఆయనకంటే కిందికి వంగింది. వీళ్లిద్దరూ వంగాక తానొక్కతే నిలబడడం బాగుండదని ఇవాసే గారూ వంగి, "గోడ అవతలి మాటలు విన్నందుకు క్షమించండి" అన్నారు. ఎవరు ముందు లేస్తే వాళ్లకు మర్యాద తెలియనట్టు. ఎవరూ లేవలేదు. హొనామి చెవిలో రైలు కూత మాత్రం మోగుతోంది.

"అమ్మగారూ, ఇంకొక్క అవకాశం!" అని లోపల్నుంచి ఏడుపు గొంతు.

"విన్నావామ్మా? ఎంత బతిమాలుతున్నాడో! ఈ ఒక్కసారికి మన్నించు."

"అయ్యో, అది నన్ను కాదండీ. లోపల ఇంకొకావిడ ఉంది."

ఇనాగాకి గారు లేచారు. "ఇంకొకావిడా! పెళ్లయి ఏడాది తిరగలేదే!" అంటూ బూట్లతోనే లోపలికి దూసుకుపోబోయి, వెనక్కొచ్చి, బూట్లు విప్పి, వరసగా పెట్టి, మళ్లీ దూసుకుపోయారు.

లోపల ఆయనకు కనిపించింది పైజామాలో సాష్టాంగపడిన నోబుహారు, టీవీలో విసనకర్ర పట్టుకున్న ముసలమ్మ. సంగతి విన్నాక ఆయన నోబుహారునూ టీవీలోని బొమ్మనూ మార్చి మార్చి చూశారు.

"అంటే, నా విభాగం మనిషివై ఉండి," అన్నారు చివరికి, "బొమ్మ చేతిలో ఓడిపోయావా?"

"మీరే చూడండి సార్! మూడేళ్లు ఎదురుచూశాను. ఆటంటే ఎగరడం, దూకడం, గెలవడం ఉంటాయనుకున్నాను. వారమంతా ఆఫీసులో చేసేదే శనివారం ఇంట్లో చేయిస్తోంది. అక్కడైనా అరగంట తిట్టి వదిలేస్తారు. ఈవిడ వదలదు. అసలు ఇన్నేళ్లలో నా క్షమాపణ ఒక్కరైనా నమ్మారంటారా?"

"జరుగు," అన్నారు ఇనాగాకి గారు, కోటు విప్పి మడతపెడుతూ. కంపెనీలో అందరికీ వంగడం నేర్పిన నడుం అది. టీవీ ముందు కొండచరియలా వంగింది.

టప్! "గర్వం నిండిన మాట."

"ఏమిటీ! మళ్లీ పెట్టు!"

టప్! ఇంకోసారి టప్! "పిల్లల దొంగ క్షమాపణలు జీవితమంతా విన్నదాన్ని, నన్ను రానివ్వండి" అని ఇవాసే గారు కూర్చున్నారు. ఆవిడ నోరు విప్పకముందే టప్! మళ్లీ నోబుహారు వంతు. ఈసారి అలసటే పనిచేసిందేమో, మొదటి గుమ్మం తెరుచుకుంది. తర్వాత రెండోది. ఇనాగాకి గారు ఊపిరి బిగబట్టారు. మూడు, నాలుగు, అయిదు. హొనామి గడియారం వంక చూసింది. పదకొండు దాటింది. పీతలు ఆమె కళ్లముందే ఒక్కొక్కటిగా పక్కకు నడుచుకుంటూ వెళ్లిపోయాయి. చప్పుడు చెయ్యకుండా కోటు గుండీలు విప్పడం మొదలుపెట్టింది.

నోబుహారు ఏడో గుమ్మం ముందు ఉన్నాడు. అమ్మగారు విసనకర్ర పక్కన పెట్టింది. సరిగ్గా అప్పుడే అతనికి టీవీ అద్దంలో, వెనక గుండీలు విప్పుకుంటున్న పెళ్లాం నీడ కనిపించింది.

అతను గిరుక్కున తిరిగాడు.

"హొనామీ... రైలు... నీ పీతలు... నేను..." అన్నాడు. నడుం వంగలేదు, చేతులు ఎక్కడ పెట్టాలో తెలియలేదు, ముక్కు కారుతోంది. వాక్యం కూడా పూర్తి కాలేదు.

"వెనక్కి తిరక్కోయ్!" అని ఇనాగాకి గారు కేకేశారు.

టప్! "నాకే వీపు చూపిస్తావా?" అంది అమ్మగారు. వీధి వాకిలి.

హొనామి మొగుడి ముఖం చూసింది. కోపం తెచ్చుకుందామని గట్టిగా ప్రయత్నించింది. ఫలించలేదు.

"ముక్కు తుడుచుకో," అంది. "సత్రానికి ఫోను చెయ్యి. భోజనం వద్దని ముందే చెప్పకపోతే పాపం వాళ్ల పీతలు పాడవుతాయి."

నోబుహారు ఫోను అందుకున్నాడు. ఆరేళ్లుగా కంఠతా పట్టిన మాటల్లో ఒక్కటీ గుర్తురాలేదు. "రైలు తప్పిపోయిందండీ. తప్పు నాదే. మా ఆవిడ వారం నుంచి..." అంటూ ముక్కు ఎగబీల్చాడు.

"దానికంత బాధెందుకు నాయనా!" అంది అవతల సత్రం యజమానురాలు. "పీతలింకా నీళ్లలోనే ఉన్నాయి. మీరొచ్చాకే కుండలో వేస్తాం. మధ్యాహ్నం బండికి రండి."

నోబుహారు ఫోను పెట్టేసి దానివంకే చూస్తూ ఉండిపోయాడు. "అయిపోయింది," అన్నాడు నమ్మలేనట్టు. "ఒక్కసారికే."

హొనామి కోటు గుండీలు మళ్లీ పెట్టుకుంది. అతను పైజామా మార్చుకుని పెట్టె ఎత్తాడు. వెళ్లొస్తామని ఇద్దరూ వంగి చెప్పారు. బదులుగా టప్! అన్న చప్పుడే వినిపించింది. ఇంటికి తాళం వేద్దామంటే వీలుకాలేదు. ఇనాగాకి గారు టీవీ ముందు వంగి, ఇంకా అమ్మగారి వీధి వాకిలి దగ్గరే ఉన్నారు.