పుట్టింటి బానెట్టు

ఆ గురువారం ఛాయాదేవి అనుకున్నది చిన్న పనే. పొద్దున్నే బొమ్మనహళ్ళి వెళ్ళాలి, పుట్టింటి పాలు ఇత్తడి గిన్నెలో పోయించుకోవాలి, అన్నలిద్దరినీ ఒకే బండిలో కూర్చోబెట్టుకుని ముహూర్తానికి చందాపురలోని కొత్త ఇంటికి చేరాలి. గృహప్రవేశంలో పొంగించే పాలు ఇల్లాలి పుట్టింటి నుంచి రావడం వాళ్ళ వాడుక. పాలు తేవడం కష్టం కాదు. అన్నలిద్దరినీ ఒకే బండిలో కూర్చోబెట్టడమే కష్టం.

పెద్దన్న రామాంజినప్ప, చిన్నన్న శ్రీనివాసప్ప మాట్లాడుకోక చాలా ఏళ్ళయింది. ఛాయాదేవి సీమంతానికి పెద్దన్న వచ్చాడు కనుక చిన్నన్న రాలేదు. కూతురి నామకరణానికి చిన్నన్న వచ్చాడు కనుక పెద్దన్న గేటు దాకా వచ్చి వెనక్కి వెళ్ళిపోయాడు. ప్రతి శుభకార్యంలోనూ నలుగురూ వినేలా ఆమె అత్తగారు ఒకే ప్రశ్న అడిగేది. "మీ అన్నలు నిజంగా ఇద్దరుండారా, లేకుంటే ఒకడే చొక్కా మార్చుకోని వస్తాండాడా?" ఈసారి ఆ ప్రశ్నకు జవాబు ఒకే బండిలోంచి కొత్త ఇంటి ముందు దిగాలని ఛాయాదేవి కోరిక.

గొడవకు మూలం నాయన పికప్పు. పొడుగు ముక్కు, గుండ్రటి దీపాలు ఉన్న పాతకాలపు బండి. బొమ్మనహళ్ళి ఇంకా ఊరుగా ఉన్న రోజుల్లో ఆయన అందులో సిటీ మార్కెట్‌కు కొత్తిమీర తోలేవాడు. ఆయన పోయాక పెద్దమనుషులు కూర్చుని పంపకం చేశారు. బండి పెద్దవాడి భాగానికి వచ్చింది. "అట్లయితే బానెట్టు నాది. దానికి రంగు కొట్టించింది నేను" అని చిన్నవాడు బోల్టులు విప్పి దాన్ని ఎత్తుకుపోయాడు. తన బోరు మోటారు తడవకుండా పైన కప్పుగా పెట్టుకున్నాడు. ఛాయాదేవి మాత్రం చూపించిన చోటల్లా సంతకం పెట్టింది. ఆమెకు ఒక చీర పెట్టారు.

పెద్దవాడు బానెట్టు లేకుండానే బండి నడిపాడు. వాన వస్తే ఇంజను మీద గోనెపట్టా కప్పేవాడు. రేడియేటర్ పాడైనప్పుడు పాత ఇనుము అంగడి నుంచి ఏదో లారీది తెచ్చి బిగించాడు. అది పాతదానికన్నా బాగా ఎత్తు. పైన మూసేదేమీ లేదు కనుక ఆ ఎత్తు సంగతి ఎవరికీ పట్టలేదు.

ఛాయాదేవి ఇద్దరి ఇళ్ళ చుట్టూ తిరిగి, బతిమాలి, ఏడ్చి, ఒక ఒప్పందం కుదిర్చింది. పెద్దన్న బండి ఇస్తాడు, చిన్నన్న బానెట్టు ఇస్తాడు. అప్పుడు ఎవరూ రెండోవాడి బండి ఎక్కినట్టు కాదు.

బిగించే పని వీధి చివర షెడ్డులో ఉండే మెకానిక్ రియాజ్‌కు అప్పజెప్పారు. బానెట్టు వెనకవైపు చక్కగా కూర్చుంది. ముందువైపు రేడియేటర్ మూతకు తగిలి, బండి ఆవులిస్తున్నట్టు నాలుగు వేళ్ళ ఎత్తున పైకి లేచి నిలబడింది.

"రెండే దారులుండాయన్నా" అన్నాడు రియాజ్. "రేడియేటర్ స్టాండు కోసి కిందికి దించల్ల. లేదంటే బానెట్టు కింద వాషర్లు పెట్టి పైకెత్తల్ల. యాదో ఒకటి చెప్పండి, చిటికెలో చేసేస్తా."

"నా రేడియేటర్ ఎందుకప్పా దిగల్ల? ఇంటికి పెద్దోన్ని నేను. వాన్నే బానెట్టు ఎత్తుకోమను" అన్నాడు రామాంజినప్ప.

"అది నాయన బానెట్టు. నాయన పెట్టినట్లే ఉంటాది. అడ్డమొచ్చింది ఎవరిదో వాళ్ళనే దించుకోమని చెప్పు ఆయప్పకు" అన్నాడు శ్రీనివాసప్ప. అన్న పక్కనే నిలబడి, రియాజ్ ముఖం చూస్తూ అన్నాడు.

రియాజ్‌కు ఇద్దరూ పాత గిరాకీలే. ఎవరి మాట కాదన్నా ఒక గిరాకీ పోతుంది. అందుకని అతను దించనూ లేదు, ఎత్తనూ లేదు. బానెట్టు తగిలి చప్పుడు చేయకుండా మూత మీద సైకిలు ట్యూబు ముక్కను మడతలు పెట్టి అంటించాడు. "ఇంక సౌండు రాదన్నా" అన్నాడు. నాలుగు వేళ్ళ సందు అయిదు వేళ్ళయింది.

గురువారం పొద్దున ఛాయాదేవి పాలగిన్నెతో వచ్చేసరికి బండి ఇంకా ఆవులిస్తూనే ఉంది.

"అన్నా, ముహూర్తం దాటిపోతాది. యాదో ఒకటి చెయ్యండి" అంది.

రామాంజినప్ప ఎడమపక్క రెండు చేతులూ వేసి నొక్కాడు. అది చూసి శ్రీనివాసప్ప కుడిపక్కకు వచ్చి ఇంకా గట్టిగా నొక్కాడు.

"చూడు ఛాయా, నేను నొక్కినాకనే దిగతాండాది."

"ఎవరి పక్క ముందు దిగిందో బాగా చూడమని చెప్పు వానికి."

"నొక్కద్దండన్నా! పడిందంటే మళ్ళా లెయ్యదు!" అని రియాజ్ షెడ్డులోంచి అరుస్తూ పరిగెత్తుకొచ్చాడు. అతను వచ్చేసరికి అన్నలిద్దరూ చెరో పక్క బానెట్టు మీదికే ఎక్కి కూర్చున్నారు. బానెట్టు టక్కుమని పడింది. ఛాయాదేవికి కళ్ళు చెమర్చాయి. ఇద్దరూ ఒక వస్తువు మీద కలిసి చేతులు వేయడం చూసి ఎన్నేళ్ళయిందో.

బండిలో ఉన్నది ఒకటే సీటు. పెద్దన్న నడిపాడు. చిన్నన్న తలుపు పక్క కూర్చున్నాడు. మధ్యలో ఛాయాదేవి, ఆమె ఒళ్ళో పాలగిన్నె.

"ఛాయా, ఆ కిటికీ మూయమను. గాలికి నాకు పడిశం పడతాది."

"ఛాయా, దీనికి అద్దం లేదని చెప్పు. బండి ఓనరుకు తెలిసుండల్ల గదా."

హోసూరు రోడ్డు మీద ఎలక్ట్రానిక్ సిటీ దాకా ఆమె మాటలు మోస్తూనే ఉంది. అక్కడ బానెట్టు సందుల్లోంచి తెల్లగా ఆవిరి లేచింది. నలిగిన రేడియేటర్ మూతలోంచి నీళ్ళన్నీ దారిపొడుగునా కారిపోయాయి. ఏళ్ళ తరబడి గాలికి తిరిగిన ఇంజను, పైన బానెట్టు పడగానే ఉడికిపోయింది.

"పొగ!" అన్నాడు పెద్దన్న. "పొగ కాదు, నిప్పు!" అన్నాడు చిన్నన్న. ఇద్దరూ కిందికి దూకారు. బానెట్టు కొక్కెం లాగితే రాలేదు. స్క్రూడ్రైవర్‌తో పొడిస్తే రాలేదు. తంతే కూడా రాలేదు. శ్రీనివాసప్ప నీళ్ళ కోసం అటూ ఇటూ చూసి, చెల్లెలి చేతిలోని గిన్నె లాక్కున్నాడు.

"చిన్నన్నా, అవి..."

గిన్నె మొత్తం బండి ముందు జాలీలోకి కుమ్మరించాడు. కాలిన రేడియేటర్ మీద పాలు నురుగు కట్టి, పైకి లేచి, హోసూరు రోడ్డు మీదకి పారాయి. ముహూర్తానికి ఇంకా టైముంది. పాలు మాత్రం పొంగాయి.

"పుట్టింటి పాలురా అవి, బుద్ధి లేనోడా!" అన్నాడు రామాంజినప్ప.

"బుద్ధి లేంది నీకు! లారీ రేడియేటర్ పెట్టింది ఎవరు?"

అన్నదమ్ములకు అలా మాటలు కలిశాయి.

జనం చేరారు. ఆఫీసు కార్డు మెడలో వేసుకున్న అభిజిత్ అనే కుర్రాడు బైకు ఆపాడు. "వావ్ అంకుల్, వింటేజ్ కదా! బానెట్ ఒరిజినలేనా?"

"ఒరిజినలే" అన్నాడు శ్రీనివాసప్ప.

"బండి కూడా ఒరిజినలే" అన్నాడు రామాంజినప్ప.

"సూపర్ అంకుల్! ఒక్కసారి ఓపెన్ చెయ్యరా ప్లీజ్, ఇంజన్ ఫోటో తీసుకుంటా."

అన్నదమ్ములిద్దరూ ఒకేసారి చూసిన చూపుకు అతను ఫోను జేబులో పెట్టుకుని వెళ్ళిపోయాడు.

ట్రాఫిక్ కానిస్టేబుల్ వచ్చి, బండి తీయకపోతే క్రేను పిలుస్తానన్నాడు. ఫోను అందుకున్న రియాజ్ స్కూటర్ మీద బ్యాటరీ కోత మిషనుతో వచ్చాడు. "కొయ్యల్లన్నా. కుడిపక్క ఒక చదరం తీసేస్తే కొక్కెం అందుతాది."

"నా పక్కెందుకు? ఎడమపక్క కొయ్యి" అన్నాడు శ్రీనివాసప్ప.

"ఎడమపక్క నేను నొక్కింది. ముట్టినావంటే చూడు" అన్నాడు రామాంజినప్ప.

కానిస్టేబుల్ విజిల్ ఊదుతున్నాడు. ఇప్పుడు కూడా రియాజ్ ఏ గిరాకీనీ పోగొట్టుకోదలచలేదు. ముక్కు నుంచి అద్దం దాకా బానెట్టును సరిగ్గా మధ్యలో కోయడం మొదలుపెట్టాడు. ఆ నిప్పురవ్వల మధ్యే ఛాయాదేవి ఫోను మోగింది. భర్త రాఘవేంద్ర.

"యాడుండావు? అయ్యగారు ఇంక ఆగనంటాండాడు."

"పాలు..."

"పాల సంగతి వదిలెయ్యి. పక్కింటి సుశీలమ్మ ప్యాకెట్టు తెచ్చింది, ఆమె చేతనే పొంగిస్తాండాము. పుట్టింటోళ్ళకు తెచ్చిన చీర కూడా ఆమెకే పెట్టమంటాంది అమ్మ." అతను మళ్ళీ అందుకున్నాడు. "అమ్మ ఇంగోటి కూడా అడగమంది. ఈసారి ఏ చొక్కా వస్తాండాదని."

ఆమె ఫోను పెట్టేసింది. మిషను ఆగింది. బోల్టులు విప్పగానే బానెట్టు రెండు ముక్కలై రోడ్డు మీద పడింది. అన్నలిద్దరూ వాటినే చూశారు. తర్వాత చెరో ముక్కా ఎత్తి, పక్కపక్కన నిలబెట్టి, జానలతో కొలుచుకున్నారు.

"సమంగా ఉండాది" అన్నాడు రామాంజినప్ప.

"ఊఁ" అన్నాడు శ్రీనివాసప్ప. ఇద్దరూ ఒప్పుకున్న మొదటి మాట అది.

చిన్నన్న తన ముక్క భుజాన పెట్టుకుని ఆటో ఆపాడు. పెద్దన్న తన ముక్కను బండి తొట్టిలో పడేసి, ఎవరూ ముట్టకుండా పక్కనే కూర్చున్నాడు. చందాపుర ఇద్దరికీ గుర్తు రాలేదు.

ఖాళీ గిన్నెతో రోడ్డు పక్కన నిలబడిన ఛాయాదేవి దగ్గరకు రియాజ్ వచ్చాడు. అతని చేతిలో రేడియేటర్ మూత ఉంది, అప్పడంలా నలిగిపోయి. "ఇది ఇంక పనికిరాదక్కా" అని, ఎక్కడ పడేయాలో తోచక ఆమె గిన్నెలో వేశాడు.

పుట్టింటి ఆస్తిలో ఛాయాదేవికి భాగం దక్కడం అదే మొదటిసారి.