తప్పిపోయిన తెల్ల పిల్లలు

హుస్నా ఆ ఉదయం వేసుకున్న ప్లాను చిన్నదే. నీటి అణువులు ఎలా కదులుతాయో చూపే లెక్క ల్యాప్‌టాప్‌లో నడుస్తూ ఉంటుంది. ల్యాప్‌టాప్ బ్యాటరీ పాడైంది; ఆదోని కరెంటును నమ్మలేక, తను ఎమ్మిగనూరులో స్నేహితురాలు దీప ఇంటికి పోయి ఇంకో బ్యాటరీ తెచ్చుకుంటుంది. సాయంత్రం రీసెర్చ్ గైడు మధుసూదన్‌కు ఆ లెక్క చూపించాలి. సరిగ్గా ఉంటేనే యూనివర్సిటీ పెద్ద కంప్యూటర్ మీద వంతు ఆమెది, లేకుంటే ఇంకొకరిది.

కాపలా జేజిది, అంటే నాయనమ్మ మరియంబీది. హుస్నా ఆమెకు తెర మీది బొమ్మ చూపించింది.

"ఇది నీళ్ల డబ్బా జేజీ. ఎర్రది ఆక్సిజన్, తల్లి అనుకో. తెల్లవి రెండు హైడ్రోజన్లు, దాని పిల్లలు. ఈ గోడలోంచి పోయింది ఆ గోడలోంచి లోపలికొస్తాది. తల్లి ఈ గోడకాడ, పిల్ల ఆ గోడకాడ కనపడితే భయపడొద్దు."

"పోయినోళ్లు మళ్లా వస్తారా?"

"అందరూ వస్తారు."

మరియంబీకి డబ్బా నచ్చింది. ఆమె బస్టాండులో సాగనంపినవాళ్లు అందరూ తిరిగి రాలేదు.

కాసేపటికే రెండు తెల్లవి తల్లిని వదిలేసి డబ్బా నడిమధ్యకు వచ్చాయి. దగ్గరలో ఏ గోడా లేదు. మరియంబీ వాకిట్లోకి పరుగెత్తింది.

"ఇమాం సాబ్! పిల్లలిద్దరూ తల్లిని ఇడిసి పోయినారప్పా!"

మసీదులో అజాన్ చెప్పే ఇమాం సాబ్ మంచివాడు. మాట పూర్తిగా వినే అలవాటు మాత్రం లేదు.

"ఎట్లుండారు?"

"తెల్లగా."

"తల్లి?"

"ఎర్రది."

అంతే, మసీదు మైకు మోగింది. "తెల్ల బట్టల పిల్లలిద్దరు తప్పిపోయినారు. తల్లి ఎర్ర చీరలో ఉంది. కనపడితే మరియంబీ ఇంటికి తోలుకొని రండి."

ఎదురింటి మల్లమ్మ ఆ తల్లిని ఓదార్చడానికి అరటిపండ్లతో వచ్చింది. ఆటో మాదన్న తెల్ల యూనిఫాంలో ఉన్న ఇద్దరిని ఎక్కించుకొచ్చాడు. "మేం ఇస్కూలుకు పోతాంటిమి!" అని వాళ్లు ఏడ్చారు. వెనకే వాళ్ల అమ్మ పచ్చచీరలో, చీపురుతో వచ్చింది. ఆ తోపులాటలో ఎవరి కాలో వైరుకు తగిలి ల్యాప్‌టాప్ ఆరిపోయింది.

ఇంకా కదలని బస్సులో మైకు విన్న హుస్నా రొప్పుతూ వచ్చింది.

"నా వంతు పాయె జేజీ! భయపడొద్దని సెప్పలేదా?"

"గోడకాడ కాదు బిడ్డా, నట్టనడుమ!"

హుస్నా వైరు పెట్టి చూసింది. పరమాణువులు ఎంతెంత అడుగు వేయాలో రాసేచోట తను అరకు బదులు ఐదు కొట్టింది. అంతంత అంగల్లో పిల్లలు నిజంగానే తల్లినుంచి ఊడిపోయారు. ఆ నీళ్లనే గైడుకు చూపించి ఉంటే వంతు అక్కడే పోయేది.

దిద్ది మళ్లీ మొదలుపెట్టింది. వైరును ఎవరూ తొక్కకుండా మల్లమ్మ దాని పక్కనే కూర్చుంది. సాయంత్రం మధుసూదన్ చూసి వంతు ఇచ్చాడు.

"పిల్లలు దొరికినారా?" అని గడప బయటినుంచి ఇమాం సాబ్ అడిగాడు.

"తల్లికాడే ఉండారప్పా," అంది మరియంబీ.

ఆ మాటనే ఇమాం సాబ్ మైకులో చెప్పగా విన్నాక కూడా ఆమె లోపలికి పోయి తెర మీద తలలు లెక్కపెట్టుకుంది.